గడువు దాటిన దరఖాస్తు గురించి జూనియర్‌కు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కరెంటు తీగ తగిలి కుడిచేయి పోగొట్టుకున్న కూలీ వేసిన నష్టపరిహారం దావా, వాయిదా రోజున మన తరఫున ఎవరూ పలకకపోవడంతో డిఫాల్ట్ కింద డిస్మిస్ అయిందనీ, ఆ సంగతి నీకు యాభై రెండో రోజున తెలిసిందనీ రాశావు. తెలిసిన రోజు నుంచి ముప్పై రోజులు ఉన్నాయి కదా అన్న నీ ధీమా మాత్రం సరైనది కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9 కింద దావాను తిరిగి తెరిపించుకోవడానికి లిమిటేషన్ చట్టం (కాలపరిమితి చట్టం) 122వ ఆర్టికల్ ఇచ్చిన ముప్పై రోజులు డిస్మిస్ అయిన తేదీ నుంచే నడుస్తాయి. ఆ రోజును మినహాయించి లెక్కవేసినా ఇప్పటికే ఇరవై రెండు రోజులు ఆలస్యమైంది. నువ్వు ఫైల్ చేసేలోగా గడిచే ప్రతి రోజూ దానికి చేరుతుంది.

కాబట్టి రెండు ఐఏలు (మధ్యంతర దరఖాస్తులు) కలిపి దాఖలు చెయ్యి: లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మన్నించమని ఒకటి, దావాను పునరుద్ధరించమని మరొకటి. పునరుద్ధరణ పిటిషన్ ఒక్కటే వేస్తే కోర్టు ఆఫీసు అభ్యంతరంతో తిరిగొస్తుంది, మరో వారం పోతుంది.

అసలు కష్టం అఫిడవిట్‌లో ఉంది. ఆలస్యానికి కారణం చెబుతూ మన కోర్టుల్లో దాఖలయ్యే అఫిడవిట్లు చదివితే జిల్లా జిల్లా అంతా కామెర్లతో మంచాన పడిందేమో అనిపిస్తుంది. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నా డైరీలో 13 అని రాసుకోవలసిన వాయిదాను 18 అని రాసుకుని, ఇలాగే ఒక దావా పోగొట్టాను. కక్షిదారుకు జ్వరమని రాద్దామని గుమాస్తా అన్నాడు, నేనూ దాదాపు ఒప్పుకున్నాను. చివరికి ఆ డైరీ పేజీ నకలు జతచేసి, తప్పు నాదేనని నా పేరునే అఫిడవిట్ వేశాను. అవతలి వకీలు కౌంటర్‌లో (జవాబులో) నన్ను ఉతికేశాడు గానీ, న్యాయమూర్తి కొద్దిపాటి ఖర్చులు విధించి దావాను తెరిచారు. జ్వరమని రాసి ఉంటే ఆ రోజుల్లో కక్షిదారు పనికి వెళ్లినట్టున్న హాజరు మస్టరు బయటపడి ఉండేదని తర్వాత తెలిసింది.

వకీలు తప్పుకు కక్షిదారు బలికాకూడదని 1981లో రఫీఖ్–మున్షీలాల్ కేసులోనూ, ఆలస్యాన్ని ఉదారంగా చూడాలని 1987లో కతీజీ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులు ఉదహరించు, కానీ వాటి మీదే ఆనకు. వాయిదా ఏ తేదీకి పడింది, డైరీలో ఏమని ఉంది, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఎప్పుడు చూశావు, ఉత్తర్వు నకలు కోసం కాపీ అప్లికేషన్ ఎప్పుడు పెట్టావు అన్నవి తేదీల వారీగా రాయి.

ఇది సివిల్ దావా కాబట్టి దారి మిగిలింది. మోటారు ప్రమాదాల క్లెయిమ్‌కు 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు తిరిగి వచ్చింది. అక్కడ సెక్షన్ 5ను నమ్ముకుని కూర్చోవద్దు.

ఫైల్ చేసే ముందే ఆ కూలీని పిలిపించి దావా ఎందుకు కొట్టేశారో నీ నోటితోనే చెప్పు. అతని ఎడమ బొటనవేలి ముద్ర అవసరమైన కాగితాన్ని చదివి వినిపించాకే వేయించుకో. డ్రాఫ్టు శనివారం లోపు పంపితే నేను సరిచూసి ఇస్తాను.