ఈస్ట్రోజెన్ మొదలుపెట్టాక నా థైరాయిడ్ లెక్క ఎందుకు తప్పిందంటే

"అమ్మకి అండాశయాలు తీసేశారు, డాక్టరు ఈస్ట్రోజెన్ (అండాశయాలు తయారుచేసే ఆడ హార్మోను) రాశారు, వాడితే మిగతా హార్మోన్లు పాడవుతాయా?" అని ఒకరు నన్ను అడిగారు. పాడవవు. కానీ ఆవిడ థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటుంటే ఇది చివరిదాకా చదవండి. నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

నాకు 42వ ఏట పెద్దాపరేషన్ అయింది. గడ్డలున్నాయని గర్భసంచి తీస్తామన్నారు. అండాశయాలు రెండూ తీసేశారని ఇంటికొచ్చి డిశ్చార్జి కాగితం చదివితే తెలిసింది. అడిగితే "ఎలాగూ పొట్ట తెరిచాం కదమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు, మన రెండు రాష్ట్రాల్లో 8 శాతం దాటారు. గర్భసంచి అంటే పిల్లలు పుట్టాక పనికిరాని సంచీ అన్నట్టు మాట్లాడతారు. అండాశయాల సంగతైతే ఎత్తనే ఎత్తరు.

పది రోజులకే ఆవిర్లు మొదలయ్యాయి. జనవరి చలిలో ఫ్యాను పెట్టుకుని, రాత్రికి రెండుసార్లు నైటీ మార్చుకునేదాన్ని. ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్ మాత్ర, 2 మిల్లీగ్రాములది, మొదలుపెట్టిన మూడో వారానికి తెల్లారేదాకా నిద్రపట్టింది. ఆ మేలు నేను మర్చిపోను.

రెండో నెల దాటాక కథ మారింది. బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్తూ సగం మెట్ల దగ్గర కూర్చుండిపోయాను. పక్కన బకెట్, అందులో పిండిన చీరలు. లేవాలని ఉంది, కాళ్లు రావడం లేదు. ఫోన్లో అక్క "జలుబు చేసిందేమే, గొంతు అలా ఉంది?" అంది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, ఆపరేషనైన ఒళ్లు కదా అని. టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ 11.8. ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే అంకె అది. నేను ఆరేళ్లుగా వేసుకుంటున్న 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర మీద అది 2, 3 మధ్యే ఉండేది. "మాత్ర సరిగ్గా వేసుకోవట్లేదు" అన్నారు ఒక డాక్టరు. పొద్దున్నే అయిదున్నరకి పరగడుపున మాత్ర వేసుకుని, గంటదాకా కాఫీ కూడా ముట్టని మనిషిని నేను!

రెండో డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ మధ్య కొత్తగా ఏం మొదలుపెట్టారు?" రెండు స్ట్రిప్పులూ టేబుల్ మీద పెట్టాను. అప్పుడు చెప్పారు. థైరాయిడ్ హార్మోను రక్తంలో చాలావరకు ఒక ప్రొటీన్‌ని అంటుకుని తిరుగుతుంది. మింగిన ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరి, ఆ ప్రొటీన్‌ని ఎక్కువగా తయారుచేయిస్తుంది. దాంతో ఒంటికి అందే విడి హార్మోను తగ్గుతుంది. గ్రంథి బాగున్నవాళ్లలో అదే ఇంకాస్త తయారుచేసి సర్దుకుంటుంది. మాత్ర మీద బతికేవాళ్లకు ఆ వీలు లేదు. మగ హార్మోన్ని మోసే ప్రొటీన్ కూడా ఇలాగే పెరుగుతుంది, కొందరికి కోరిక తగ్గడానికి అదొక కారణం కావచ్చు. కార్టిసాల్ అనే ఇంకో హార్మోను టెస్టు చేయించినా మొత్తం అంకె ఎక్కువ చూపిస్తుంది.

థైరాయిడ్ డోసు 100కి పెంచారు. తర్వాత ఈస్ట్రోజెన్ మాత్ర ఆపి, చేతికి రాసుకునే జెల్‌కి మార్చారు. చర్మం ద్వారా వెళ్లేది ముందుగా కాలేయం మీద పడదు కాబట్టి మళ్లీ 75కే వచ్చాను. రక్తం గడ్డకట్టే భయం కూడా జెల్‌తో తక్కువ. నన్నడిగితే థైరాయిడ్ ఉన్న ప్రతి ఆడదానికీ ముందు జెల్లే రాయాలి.

హార్మోన్లంటే రొమ్ము క్యాన్సరే అని భయపెట్టేవాళ్లు 2002లో ఆగిపోయిన అమెరికా పరిశోధన గురించి చెప్తారు. అప్పుడు ఆపింది ఈస్ట్రోజెన్‌ని, ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ని కలిపి ఇచ్చిన భాగాన్ని. గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తారు. ఉన్నవాళ్లకు మాత్రం గర్భసంచి లోపలి పొర మందం కాకుండా ప్రొజెస్టిన్ కూడా తప్పనిసరి. కాబట్టి డిశ్చార్జి కాగితంలో ఏమేం తీశారో ముందు చూడండి. ఇంట్లో రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఉంటే దాచకుండా చెప్పండి. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే, ఈస్ట్రోజెన్ మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చేయించండి. ఆపినా, జెల్‌కి మారినా మళ్లీ చేయించాలి.