జతలో నడిచే థ్రెడ్ వేగాన్ని ముందే అంచనా కట్టాలంటే

నాయనా,

ఒకే ప్రాసెసర్‌లో రెండు ప్రోగ్రాములు పక్కపక్కన నడిస్తే ఒకదాని వల్ల ఇంకోటి మందగిస్తుంది. థ్రెడ్‌ను (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని వరస) ఒంటరిగా నడిపినప్పటి వేగం చూసి జతలో ఎంత వస్తుందో చెప్పలేం. రెండు సంగతులు విడివిడిగా కొలవాలి: పక్కదాని ఒత్తిడికి ప్రోగ్రామ్ ఎంత నలుగుతుంది, పక్కదాన్ని ఎంత నలుపుతుంది. పెద్ద ఫైలును వరసగా చదువుకుపోయే పని, కోర్లు (ప్రాసెసర్‌లోని లెక్కింపు విభాగాలు) పంచుకునే ఎల్3 క్యాష్ అనే చిన్న, వేగమైన నిల్వలోంచి ఇతరుల డేటాను తోసేస్తుంది. తనకు మాత్రం క్యాష్ తగ్గినా పెద్దగా నష్టం లేదు, చదివినదాన్ని మళ్లీ ముట్టదు కదా.

ముందు లినక్స్‌లో ఉండే థ్రెడ్ సిబ్లింగ్స్ లిస్ట్ ఫైలు చూసి, ఏ రెండు సీపీయూ నంబర్లు ఒకే కోర్‌వో తెలుసుకో. 0, 1 పక్కపక్కనున్నాయని నమ్మకు. చాలా యంత్రాల్లో 0కి జత 8 గానో 16 గానో ఉంటుంది. టాస్క్‌సెట్ అనే కమాండ్‌తో థ్రెడ్లను ఎంచుకున్న సీపీయూలకు కట్టెయ్. టర్బో (క్లాక్ వేగాన్ని దానంతటదే పెంచే ఏర్పాటు) ఆపెయ్. లేకపోతే కోర్లు నిండినకొద్దీ క్లాక్ తగ్గుతుంది, ఆ మందగింపును నువ్వు క్యాష్ ఖాతాలో రాసేస్తావు.

తర్వాత ఒత్తిడి ప్రోగ్రామ్ ఒకటి రాయి. 1 ఎంబీ అర్రేతో మొదలుపెట్టి, ఎల్3 దాటేదాకా రెట్టింపు చేస్తూ, అందులో అడ్డదిడ్డంగా చదవాలి, రాయాలి. దాన్ని వేరే కోర్‌లో నడిపి, ఒక్కో సైజుకీ నీ ప్రోగ్రామ్ ఎంత మందగించిందో గీత గియ్యి. కొలబద్దగా పెట్టుకున్న ఇంకో ప్రోగ్రామ్‌కీ ఇలాంటి గీతే గియ్యి. ఇప్పుడు పొరుగు ప్రోగ్రామ్‌ను ఈ కొలబద్ద పక్కన నడుపు. కొలబద్ద 12 శాతం మందగించిందనుకో. దాని గీతలో 12 శాతం 8 ఎంబీ దగ్గరుంటే, పొరుగు ఒత్తిడి 8 ఎంబీ అన్నమాట. నీ ప్రోగ్రామ్ గీతలో 8 ఎంబీ దగ్గర కనిపించేదే నీ అంచనా. 2011లో వచ్చిన బబుల్-అప్ పద్ధతి కీలకం ఇదే. పది ప్రోగ్రాములుంటే 45 జతలూ నడపక్కర్లేదు, ఒక్కోదానికి ఒక గీత, ఒక అంకె చాలు.

ఒకే కోర్ పంచుకునే జతకు ఇది చాలదు. అక్కడ ఎల్1, ఎల్2 (కోర్ సొంత చిన్న క్యాష్‌లు), ఎగ్జిక్యూషన్ పోర్టులు (సూచనలను అమలుకు పంపే దారులు) కూడా ఉమ్మడే, ఒక్కోదానికి వేరే ఒత్తిడి ప్రోగ్రామ్ కావాలి. పైగా ఇంటెల్ హైపర్‌థ్రెడింగ్‌లో (ఒకే కోర్‌లో రెండు థ్రెడ్లు నడిపే పద్ధతి) రెండో థ్రెడ్ మేల్కోగానే రీఆర్డర్ బఫర్ (ఇంకా పూర్తికాని సూచనలను వరసలో ఉంచే చోటు) రెండు వాటాలైపోతుంది, ఆ థ్రెడ్ ఉత్త లూప్ తిరుగుతున్నా సరే.

మెమరీ బ్యాండ్‌విడ్త్ (మెమరీ సెకనుకు ఇవ్వగల డేటా) లెక్క కాగితం మీదే తేలుతుంది. డీడీఆర్4-3200 ఒక్కో ఛానల్‌కు సెకనుకు 25.6 జీబీ, రెండింటికి 51.2. ఒక థ్రెడ్ సెకనుకు 10 కోట్ల సార్లు ఎల్3 మిస్ అయితే (కావలసిన డేటా అందులో లేక మెమరీకి వెళ్తే), ఒక్కోసారి తెచ్చే 64 బైట్ల లైన్ చొప్పున 6.4 జీబీ. ఎనిమిది థ్రెడ్లు పెడితే సరిగ్గా 51.2. సరిపోయిందని సంబరపడకు! ఆ గరిష్ఠం చేతికి అందదు, దగ్గరవుతున్నకొద్దీ ఒక్కో మిస్‌కూ ఆలస్యం నిటారుగా పెరుగుతుంది. ప్రీఫెచ్ (అడగకముందే ఊహించి తెచ్చే ఏర్పాటు) తెచ్చే లైన్లు మిస్ కౌంటర్‌లో పడకపోవచ్చు, కాబట్టి ఈ అంకెను మెమరీ కంట్రోలర్ కౌంటర్ల దగ్గరే తీసుకో.

ఆశీస్సులతో