కొబ్బరి మొవ్వు వాలిపోతుంటే తెల్లదోమ మందు కొట్టి ఏం లాభం?

రైతు సందేహాలు – నిపుణుల సలహాలు

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రెండెకరాల ఇసుక నేలలో 120 కొబ్బరి చెట్లున్నాయి. వయసు తొమ్మిదేళ్లు. తోటకు రెండు వైపులా రొయ్యల గుంటలు, గట్టు మీద తాటిచెట్లు ఉన్నాయి. రెండేళ్లుగా తెల్లదోమ వదలడం లేదు, ఆకులు మసి పూసినట్టు నల్లగా అయ్యాయి. దోమ ఎక్కువగా ఉన్న మట్టలన్నీ ఫిబ్రవరిలో మొదలంటా కోయించాం. షాపులో ఇచ్చిన మందులు కలిపి మూడుసార్లు కొట్టించాం. అయినా మే నెల నుంచి మూడు చెట్లు చచ్చిపోయాయి. ఇప్పుడు ఇంకో ఐదు చెట్లకు మొవ్వు ఆకు వాలిపోతోంది, కాండం మీద ఎర్రటి బంక కారుతోంది. తెల్లదోమ ముదిరితే ఇలాగే అవుతుందని, ఈసారి డ్రోన్‌తో ఘాటు మందు కొట్టించమని షాపు వాళ్లు అంటున్నారు. కొన్ని కాయల మీద గోధుమ రంగు మచ్చలు కూడా ఉన్నాయి. ఏ మందు కొట్టాలి? ఫోటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, ఇందుకూరుపేట మండలం

జవాబు: ఏ మందూ కొట్టకండి. డ్రోన్ మాట అసలే వద్దు.

తెల్లదోమ వల్ల తొమ్మిదేళ్ల కొబ్బరి చెట్టు చావదు. ఆకు నల్లబడుతుంది, కాపు కొంత తగ్గుతుంది, చూసేవాళ్లకు తోట మాడిపోయినట్టు కనిపిస్తుంది. అంతవరకే. మీరు పంపిన రెండో ఫోటోలో కాండానికి వేలు దూరేంత రంధ్రం ఉంది. దాని చుట్టూ నమిలి బయటికి తోసిన పిప్పి, కిందికి కారిన ఎర్రటి బంక ఉన్నాయి. ఇది ఎర్రముక్కు పురుగు పని. చచ్చిన మూడు చెట్లనూ అదే తినేసి ఉంటుంది. నమ్మకం కుదరకపోతే వాటిలో ఒకదాన్ని నరికి మొవ్వు కింద చీల్చి చూడండి. కాళ్లు లేని లావుపాటి తెల్ల పురుగులు, పీచుతో చుట్టుకున్న గూళ్లు కనిపిస్తాయి. కుళ్లు వాసనకు దగ్గర నిలబడలేరు. ఇప్పుడు వాలుతున్న ఐదు చెట్ల కాండానికి తెల్లవారుజామున, చుట్టూ చప్పుడు లేనప్పుడు, చెవి ఆనించి వినండి. లోపల కొరుకుతున్న శబ్దం చాలాసార్లు వినిపిస్తుంది.

ఈ పురుగు మీ తోటలోకి ఎలా వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. ఫిబ్రవరిలో పచ్చి మట్టల్ని మొదలంటా కోయించారు. పచ్చి గాయం నుంచి వచ్చే వాసనకు ఎర్రముక్కు పురుగు ఎంత దూరం నుంచైనా వస్తుంది. తల్లి పురుగు ఆ గాయంలో గుడ్లు పెడుతుంది, నాలుగైదు రోజుల్లోపే పిల్ల పురుగులు పుట్టి లోపలికి తొలుచుకుంటూ పోతాయి. గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేదాకా మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ కాలమంతా బయటికి చెట్టు బాగానే కనిపిస్తుంది. ఫిబ్రవరికి మూడు నెలలు కలిపితే మే వస్తుంది. తెల్లదోమను వదిలించుకుందామని కోసిన మట్టలే దీనికి తలుపు తెరిచాయి. పచ్చి మట్ట కోయకూడదు. తప్పనిసరి అయితే కాండం నుంచి కనీసం మూడున్నర నాలుగు అడుగుల మొదలు వదిలి కోయాలి. అలా వదిలితే గుడ్ల నుంచి వచ్చిన పురుగు కాండం దాకా చేరేలోపే మొదలు ఎండిపోతుంది. చెట్టెక్కేవాళ్లు కాలు పెట్టుకోవడానికి కాండం మీద కత్తితో గాట్లు పెడుతుంటారు, ఇంకెప్పుడూ ఒప్పుకోకండి. తొమ్మిదేళ్ల చెట్టుకు నిచ్చెన సరిపోతుంది.

రెండో తలుపు కూడా ఒకటుంది, దాని గురించి మీరు అడగలేదు. మొదటి ఫోటోలో విప్పుకున్న ఆకులు కత్తెరతో విసనకర్రలా కత్తిరించినట్టున్నాయి చూడండి. అది కొమ్ము పురుగు. మొవ్వులోకి తొలిచి విచ్చుకోని ఆకును నమలడం వల్ల, అది విచ్చుకున్నాక ఆ ఆకారం వస్తుంది. కొమ్ము పురుగు ఒక్కటే అయితే పెద్ద చెట్టు తట్టుకుంటుంది. కానీ అది చేసిన రంధ్రంలోనే ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. ఒకటి గోడకు కన్నం వేస్తుంది, రెండోది ఇల్లు దోచుకుంటుంది.

ముందు ఆ ఐదు చెట్లు. ఈ వారంలోనే చెయ్యాలి. కాండం మీద ఉన్న రంధ్రాలన్నీ వెతికి గుర్తు పెట్టుకోండి. అన్నింటికంటే పైన ఉన్నదాన్ని వదిలి, కింద ఉన్నవన్నీ తడి బంకమట్టితోగానీ సిమెంటుతోగానీ మూసేయండి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్ఎల్ మందు లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున కలపండి. పై రంధ్రానికి గరాటు పెట్టి లీటరు నుంచి లీటరున్నర ద్రావణం మెల్లగా పోసి, దాన్నీ మూసేయండి. ఇమిడాక్లోప్రిడ్ దొరక్కపోతే ఇండాక్సాకార్బ్ 14.5 మందు లీటరుకు 2.5 మి.లీ. వాడొచ్చు. రెండూ కలపకండి. వారం తర్వాత చూడండి. కొత్త పిప్పి రాకపోతే, బంక ఎండిపోతే చెట్టు దక్కినట్టే. ఇంకా పిప్పి వస్తుంటే అదే మోతాదు ఇంకొకసారి పోయండి. పురుగు కాండంలో కాకుండా నేరుగా మొవ్వులోకి దిగి ఉంటే, మొవ్వు చుట్టూ ఉన్న కుళ్లు, పిప్పి చేత్తో తీసి శుభ్రం చేసి, అదే ద్రావణం మొవ్వు మొదట్లో పోయాలి. మొవ్వు ఆకును పట్టి లాగితే ఊడి చేతికి వచ్చి, మొదలు కుళ్లిపోయి కంపు కొడితే మాత్రం ఆ చెట్టు మీద ఆశ వదులుకోండి. దానికి పోసే మందు దండగ.

చచ్చిన చెట్లను అలాగే నిలబెట్టి ఉంచారని అర్థమవుతోంది. అది ఇంకా పెద్ద పొరపాటు. ఒక్కో చెట్టు లోపల పదుల కొద్దీ పురుగులు గూళ్లలో ఉంటాయి, అవన్నీ రెక్కలొచ్చి మిగతా చెట్ల మీదికే వస్తాయి. నరికి, మొద్దును నిలువునా చీల్చి, మొవ్వు భాగం పూర్తిగా కాల్చేయండి. మొద్దును కాలువ మీద వంతెనగా వేస్తాం, పశువుల కొట్టానికి స్తంభంగా వాడతాం అంటారు చాలామంది. చీల్చి చూసి, లోపల పురుగు లేదని తేలాకే ఆ పని. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు పడిపోయిన కొబ్బరి, తాటి మొద్దులు గట్ల మీద అలాగే పడి ఉంటే వాటినీ తీసేయించండి. పుచ్చిన తాటి మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది.

మిగిలిన 112 చెట్లలో గాయం ఉన్న ప్రతిదానికీ బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా అర లీటరు నీటిలో కరిగించి కలిపితే లీటరు పేస్టు వస్తుంది. ఇనుప పాత్ర వాడకండి. చేసిన రోజే వాడేయాలి.

కొమ్ము పురుగుకు పై మూడు ఆకుల మొదళ్లలో 250 గ్రాముల వేపపిండి, అంతే ఇసుక కలిపి చెట్టుకు వేయండి. మే, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో, అంటే ఏడాదికి మూడుసార్లు. రంధ్రంలో పురుగు కనబడితే సన్నటి ఇనుప కొక్కెంతో గుచ్చి తీయండి. అయితే మీ పశువుల పేడ దిబ్బ తోట మూలలోనే ఉన్నట్టు నాలుగో ఫోటోలో కనిపిస్తోంది. కొమ్ము పురుగు పుట్టేదీ పెరిగేదీ అక్కడే. దిబ్బను అడుగు లోతు తవ్వండి. అరచేతిలో 'సి' అక్షరంలా ముడుచుకునే తెల్లటి లావు పురుగులు వస్తే ఏరి చంపండి, కోళ్లకు వేసినా సరే. తర్వాత ఈ పురుగుల్ని చంపే మెటారైజియం శిలీంద్రం ద్రవరూపంలో తెచ్చి, 250 మి.లీ.ను 750 మి.లీ. నీటిలో కలిపి పురుగులున్న చోట పోసి, దిబ్బ తడి ఆరకుండా చూడండి. ఎండిన దిబ్బలో అది పనిచేయదు. రెండు నెలలకొకసారి దిబ్బ తిరగేయండి. పూర్తిగా చివికిన ఎరువే చెట్లకు వేయండి. ఈ దిబ్బను వదిలేసి పైన ఎన్ని మందులు వాడినా మళ్లీ మొదటికే వస్తారు.

ఎర్రముక్కు పురుగుకు లింగాకర్షక బుట్ట, అంటే వాసన బిళ్లతో పురుగుల్ని రప్పించి పట్టే బకెట్, హెక్టారుకు ఒకటి చాలు. మీకున్న రెండెకరాలకు ఒకటి. దాన్ని కొబ్బరి చెట్టుకు కట్టకండి, తాటిచెట్టుకు కట్టకండి. తోట అంచున సరుగుడు కర్ర పాతి నాలుగడుగుల ఎత్తులో వేలాడదీయండి. బకెట్‌లో లీటరు నీళ్లు, కొంచెం బెల్లం, పులిసిన కల్లు దొరికితే కల్లు పోసి, వారానికొకసారి పురుగుల్ని తీసి ఎర మార్చండి. ఎర ఎండిపోతే పురుగు బుట్ట దాకా వచ్చి పక్క చెట్టు మీద వాలుతుంది, అప్పుడు బుట్ట పెట్టి నష్టం తెచ్చుకున్నట్టే. పక్క తోటల వాళ్లను కూడా కలుపుకుంటే మంచిది.

ఇప్పుడు తెల్లదోమ. ఇది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడు వైపు బయటపడి, తర్వాత మన కోస్తా అంతటా పాకింది. నర్సరీ మొక్కలతోనే ఎక్కువగా వ్యాపించింది. దీన్ని అణచడానికి ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి ఉంది. కంటికి సరిగా ఆనదు. తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని లోపల నుంచి తినేస్తుంది. ఒక ఆకు తెంపి వెనకవైపు భూతద్దంతో చూడండి. నల్లబడి, గుండ్రటి రంధ్రం ఉన్న దోమ పిల్లలు కనిపిస్తే అది మీ తోటలో ఉన్నట్టే. మీరు మూడుసార్లు కొట్టించిన మందు దోమకంటే ముందు చంపింది దీన్నే. దోమకు మైనపు పూత ఉంటుంది, ఆకు వెనక దాక్కుంటుంది. కింద నుంచి కొట్టిన పిచికారీ ఆకు వెనకకు సరిగా తగలదు, డ్రోన్ అయితే పైనుంచే పడుతుంది. పిచికారీ చేసిన నెలకే దోమ ఇంతకు ముందుకంటే ఎక్కువగా రావడం మీరే చూసి ఉంటారు.

షాపు వాళ్లు ఇచ్చిన మందులు కలిపి కొట్టించామన్నారు, వాటి పేర్లు రాయలేదు. బిల్లు ఉందా? లేకుండా మందు కొన్నందుకు మిమ్మల్నీ అనాలి. చెట్టు చూడకుండా, కాండం మీద రంధ్రం ఉందా లేదా అని ఒక్క మాట అడగకుండా కౌంటర్ మీద నుంచి డబ్బాలు తీసి ఇచ్చేవాడిది వ్యాపారం. దాన్ని సలహా అని నమ్మితే ఎలా? వేరు ద్వారా మోనోక్రోటోఫాస్ పెట్టమని ఇంకా చెప్పేవాళ్లున్నారు. ఆ మందు 36 శాతం ద్రావణాన్ని ఆపేయాలని కేంద్రం 2023లోనే ఉత్తర్వు ఇచ్చింది. అలాంటి సలహా ఎవరిచ్చినా వినకండి.

ఇక రొయ్యల గుంటలు. రొయ్య కూడా పురుగు లాంటి జీవే, పురుగుమందులకు అది ఎంత సున్నితమో గుంటలున్న మీ ఊళ్లో నేను చెప్పక్కర్లేదు. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి చాలా కొద్ది మోతాదు నీటిలో కలిసినా రొయ్య చస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ కూడా దానికి విషమే. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక 20 అడుగుల ఎత్తున పిచికారీ చేస్తే ఆ తుంపర ఎక్కడ పడుతుందో ఆలోచించండి. గుంట మీది కాకపోతే తగాదా అదనం. ఇమిడాక్లోప్రిడ్ కాండంలో పోయమని నేనే చెప్పాను కదా అంటారేమో. అక్కడ లీటరున్నర ద్రావణం చెట్టు లోపల మూతపడి ఉంటుంది. డబ్బా మాత్రం గుంటలోనో కాలువలోనో కడగకండి.

దోమ మరీ ఎక్కువగా ఉన్న చెట్లకు, పైపుతో అందినంత మేర ఆకుల వెనక నీళ్లు బలంగా కొట్టండి. తర్వాత వేపనూనె లీటరుకు 5 మి.లీ., కలవడానికి కొంచెం సబ్బు నీరు కలిపి కొట్టొచ్చు. దోమను చంపే ఇసారియా ఫ్యుమోసోరోసియా అనే శిలీంద్రం పొడి దొరికితే లీటరుకు 5 గ్రాములు కలిపి, గాలి తగ్గిన సాయంత్రం కొట్టండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దీన్ని కోనసీమ తోటల్లో వాడించింది. శిలీంద్ర నాశినులు, పురుగుమందులు దీంతో కలపకండి. నల్ల మసికి 1 శాతం గంజి నీళ్లు కొడితే ఎండి పొరలా రాలుతుంది. వానలు పడితే దోమ దానంతట అదే తగ్గుతుంది. జనవరి నుంచి మే దాకా పెరిగి, వర్షాలకు తగ్గడం దాని అలవాటు.

కాయల మీది మచ్చలు కొబ్బరి నల్లి, అంటే తొడిమ కింద చేరి రసం పీల్చే కంటికి ఆనని జీవి, వల్ల వచ్చినవి. తొడిమ కింద మొదలై త్రికోణంలో పాకి గోధుమ రంగుకు తిరిగి పగుళ్లు తీస్తాయి. వేప నుంచి తీసే అజాడిరాక్టిన్ 10,000 పీపీఎం మందు 10 మి.లీ., నీళ్లు 10 మి.లీ. చిన్న పాలిథీన్ సంచిలో కలిపి, పెన్సిల్ మందాన ఉన్న పచ్చి వేరు కొనను ఏటవాలుగా కోసి అందులో ముంచి కట్టండి. ఒక రోజులో పీల్చకపోతే వేరు మార్చండి. ముదిరిన కాయలు దింపాకే కట్టాలి.

కాండంలో మందు పోసిన చెట్ల నుంచి, వేరు ద్వారా మందిచ్చిన చెట్ల నుంచి 45 రోజుల దాకా బోండాలు దింపకండి, ఇంట్లో తాగకండి, మైపాడు బీచ్ రోడ్డులో అమ్మేవాళ్లకు ఇవ్వకండి. ఆ చెట్లకు రంగు పూసి గుర్తు పెట్టి, దింపేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.