ఆదాయానికి మూడు రెట్లా, ఆదాయం కంటే మూడు రెట్లు ఎక్కువా?

సందేహం: డబ్బు వ్యవహారాల మీద వ్యాసం రాస్తూ ‘40ల్లో ఉన్నవారి నికర విలువ వారి వార్షిక ఆదాయం కంటే మూడు రెట్లు ఎక్కువ ఉండాలి’ అన్నాను. ‘ఆదాయానికి మూడు రెట్లు’ అనాలని ఒక మిత్రుడు దిద్దారు. రెండూ ఒకటే కదా? ‘40ల్లో’ అనడం, నెట్‌వర్త్‌ను ‘నికర విలువ’ అనడం సరైనదేనా?

సమాధానం: దిద్దుబాటు సబబైనదే. రెండూ ఒకటి కావు. ‘కంటే’ వచ్చిందంటే తేడా ఎంతో చెబుతున్నామని, ‘కు/కి’ వస్తే దేనితో కొలుస్తున్నామో చెబుతున్నామని. ఏడాది ఆదాయం 8 లక్షలనుకోండి. దానికి మూడు రెట్లంటే 24 లక్షలు. అదే ‘8 లక్షల కంటే మూడు రెట్లు ఎక్కువ’ అంటే, ఎక్కువైనదే 24 లక్షలు. అసలు కలుపుకుంటే 32. రాసినవారి మనసులో 24 ఉంటుంది, లెక్క చూసుకునే పాఠకుడికి 32 తేలుతుంది. మధ్యలో ఒక ఏడాది ఆదాయం గల్లంతు. అనుమానం తీరకపోతే రెట్లను ఒకటికి దించి చూడండి. ‘ఒక రెట్టు ఎక్కువ’ అంటే రెట్టింపు అనే అందరూ అనుకుంటారు, సమానమని ఎవరూ అనుకోరు. ఒకటికి ఉన్న లెక్క మూడుకు మారదు కదా.

ఈ విషయంలో ఆ పొరపాటు బయటపడదు కూడా. వయసుకూ ఆదాయానికీ ముడిపెట్టే ఒక పాత సూత్రం ఉంది: వయసును ఏడాది ఆదాయంతో హెచ్చవేసి పదితో భాగిస్తే వచ్చేంత ఆస్తి ఉండాలని. తెలుగులో హాయిగా చెప్పాలంటే, వయసులో పదోవంతు ఎంతో అన్ని రెట్లు. ఆ లెక్కన 40 ఏళ్లకు నాలుగు రెట్లు కావాలి. అంటే మీ వాక్యాన్ని 32 అని చదువుకున్నవారు ‘ఓహో, ఆ సూత్రమే’ అనుకుని ముందుకు పోతారు. (22 ఏళ్లకు, ఉద్యోగంలో చేరీ చేరగానే 2.2 రెట్లు కావాలంటుంది ఆ సూత్రం. చిన్న వయసులో అది పనికిరాదనడానికి అదొక్కటి చాలు.)

మీ మూడు రెట్లు బహుశా అమెరికా పెట్టుబడుల సంస్థ ఫిడెలిటీ చెప్పే కొలమానం నుంచి వచ్చి ఉండాలి. జీతంతో పోల్చి 30 ఏళ్లకు ఒకటి, 40కి మూడు, 50కి ఆరు, 60కి ఎనిమిది, 67కి పది రెట్లు అంటుంది అది. కానీ అది రిటైర్మెంట్ కోసం కూడబెట్టిన పొదుపు లెక్క, మొత్తం ఆస్తి లెక్క కాదు. అక్కడి ‘పొదుపు’ను ఇక్కడ ‘ఆస్తి’గా మారిస్తే వ్యాకరణం ఎంత బాగున్నా వాక్యం తప్పే. 30 ఏళ్ల దగ్గరి ఒక రెట్టును, రెట్టింపని పొరబడకుండా, ‘ఏడాది జీతమంత’ అనండి.

‘40ల్లో’ అనేది ఇంగ్లిష్ నుంచి దిగినది. మనకు ‘నలభయ్యో పడి’ ఉంది. అయితే ఇక్కడ అదీ కుదరదు: పై కొలమానంలో ఆ పదేళ్లలోనే మూడు కాస్తా ఆరవుతుంది, కాబట్టి పడి మొత్తానికి ఒకే అంకె చెప్పలేం. ‘నలభయ్యో ఏట’ అన్నా చిక్కే, 39 నిండి 40 నడుస్తున్న ఏడాది అది. ‘40 ఏళ్లు నిండేసరికి’ అంటే పేచీ లేదు.

‘నికర విలువ’ అకౌంటింగ్ పుస్తకాల్లో స్థిరపడిన మాటే. కానీ ‘ఆయన నికర విలువ’ అంటే మనిషికి వెల కట్టినట్టు వినిపిస్తుంది. ‘నికర ఆస్తి’ నయం. మొదటిసారి వాడినచోట ‘అప్పులు పోను మిగిలే ఆస్తి’ అని విప్పి చెప్పండి. ఇల్లు 40 లక్షలు, డిపాజిట్లు 6 లక్షలు, తీర్చాల్సిన అప్పు 22 లక్షలు: అప్పు పోను 24. ఉత్త ‘ఆస్తి’ అంటే చాలామందికి ఇల్లూ పొలమే తడతాయి, డిపాజిట్లు లెక్కలోకి రావు. ‘సంపాదన’ను మాత్రం ఇలాంటి వ్యాసంలో అసలు వాడకండి. ‘నెల సంపాదన’లో అది ఆదాయం, ‘తాతల సంపాదన’లో ఆస్తి. మీరు పోల్చబోయే రెండింటికీ అదే మాట.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఆస్తి ఆదాయంలో మూడోవంతే ఉంటే ‘మూడు రెట్లు తక్కువ’ అనకండి, ఒక రెట్టు తగ్గితేనే సున్నా. ‘మూడు వంతులు’ అన్నా ముప్పాతిక అనుకునే ప్రమాదముంది. ఇక చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరని వయసులో ఆస్తి కంటే అప్పే ఎక్కువ ఉండొచ్చు. అక్కడ రెట్ల భాష వదిలేసి ‘ఉన్నదంతా అమ్మినా ఏడాది ఆదాయంలో సగమంత అప్పు మిగులుతుంది’ అని రాయండి.