డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో శక్తులు కార్డుల్లా ఎందుకుంటాయి?

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర మా గదిలో ఆదివారాలు ఈ ఆట (పొట్టిగా డి అండ్ డి) ఆడతాం. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపించే ఆట ఇది; పాత్ర చేయగల దాడులు, మంత్రాల్లాంటివే శక్తులు. నాలుగో ఎడిషన్ పుస్తకం తిరగేసిన కొత్త కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది.

మూలం 1993లో వచ్చిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట. రమ్మీలో అందరికీ ఉమ్మడి పేక నుంచే ముక్కలు పంచుతారు. మ్యాజిక్‌లో మాత్రం ఎవరి కట్ట వాళ్లే ముందుగా కూర్చుకుని రావాలి. సగం ఆట అక్కడే అయిపోతుంది! దాన్ని తెచ్చిన విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీయే 1997లో డి అండ్ డి ప్రచురణకర్త టీఎస్ఆర్‌ను కొనేసింది. 2000లో డి అండ్ డి మూడో ఎడిషన్‌తో ‘ఫీట్స్’, అంటే పాత్రకు మనం ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యాలు, వచ్చాయి. ఏది దేనితో కలిస్తే పాత్ర బలపడుతుందని లెక్కలేయడం అచ్చం మ్యాజిక్‌లో కట్ట కూర్చుకోవడమే. ఆట లోతు తెలిసినవాడికి లాభం ఉండాలన్న ఆలోచన మ్యాజిక్ నుంచే తీసుకున్నామని మూడో ఎడిషన్ రూపకర్తల్లో ఒకరైన మాంటీ కుక్ తర్వాత రాశాడు కూడా.

2008 నాటి నాలుగో ఎడిషన్‌లో ఒక్కో శక్తీ ఒక్కో చిన్న పెట్టెలో, కీవర్డ్‌లతో (దాని రకం చెప్పే మాటలతో) ఉంటుంది. మామూలు నియమానికి అడ్డొస్తే శక్తిలో రాసిందే చెల్లుతుంది, మ్యాజిక్ కార్డులాగే. అదే కంపెనీ 2010లో తెచ్చిన గామా వరల్డ్ అనే ఇలాంటి ఆటకైతే, ఏ కార్డులు వస్తాయో తెలియని బూస్టర్ ప్యాకెట్లే అమ్మారు. అది మరీ ఎక్కువైందని నా అభిప్రాయం.