రైజ్, రెయిజ్: ఎక్కడ ఏది వాడాలి?

‘ధరలు పెరిగాయి’ అనడానికి ‘ప్రైసెస్ రెయిజ్డ్’ అని రాస్తే తప్పెందుకు అవుతుందని అడిగారు. పేపర్లో అలాగే వేస్తున్నారు కదా అని కూడా అన్నారు. ఆ పేపర్ సంగతి కాసేపాగి చెప్తాను.

రైజ్ అంటే పెరగడం, లేవడం. రెయిజ్ అంటే పెంచడం, లేపడం, ఎత్తడం. మొదటిది అకర్మకం, అంటే కర్మ అక్కర్లేనిది. రెండోది సకర్మకం, అంటే కర్మ కావాల్సింది. క్రియ దగ్గర ఆగి ‘దేన్ని?’ అని అడగండి. ‘ఓనర్ అద్దె పెంచాడు’: దేన్ని? అద్దెని. కాబట్టి ‘ద ఓనర్ రెయిజ్డ్ ద రెంట్’. ‘అద్దె పెరిగింది’కి ఆ ప్రశ్నే కుదరదు, అందుకని ‘ద రెంట్ రోజ్’. రూపాలు రైజ్, రోజ్, రిజన్. రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్. ‘రిజన్’లో ‘రి’ హ్రస్వం, చాలామంది ‘రైజన్’ అంటారు. ‘రైజ్‌డ్’ అనే రూపం అసలు లేదు.

ఇక పేపర్ సంగతి. మనం కర్త లేకుండానే ‘బస్ ఛార్జీలు పెంచారు’ అనేస్తాం. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘దే’ అయినా పెట్టాలి, లేదా ‘ఫేర్స్ వర్ రెయిజ్డ్’ అని కర్మణిలో (ప్యాసివ్‌లో) రాయాలి. చోటు కలిసొస్తుందని హెడ్‌లైన్‌లో ‘వర్’ తీసేసి ‘ఫేర్స్ రెయిజ్డ్’ అని వేస్తారు. దాన్నే మామూలు వాక్యమనుకుని పరీక్షలో రాస్తే మార్కు పోతుంది. ‘ఫేర్స్ హావ్ రెయిజ్డ్’ అయితే హెడ్‌లైన్‌లో కూడా తప్పే.

‘పెరగడం’ అయితే రైజ్, ‘పెంచడం’ అయితే రెయిజ్ అనే ఈ తెలుగు కొలత ఒకచోట మాత్రం పనిచెయ్యదు. ‘నేను గుంటూరులో పెరిగాను’ అంటాం కదా అని ‘ఐ రోజ్ ఇన్ గుంటూర్’ అనకూడదు. ‘ఐ గ్రూ అప్’ అనాలి, లేదంటే ‘ఐ వజ్ రెయిజ్డ్’. పిల్లల్ని పెంచడానికి రెయిజ్ ఉంది గానీ, పిల్లలు పెరగడానికి రైజ్ లేదు.

సమస్య దానంతటదే తలెత్తితే ‘అరైజ్’ (అరోజ్, అరిజన్), మీటింగులో ఎవరైనా లేవనెత్తితే ‘రెయిజ్’. ఆఫీసులో టికెట్ (సమస్య గురించి పెట్టే ఫిర్యాదు) ఎప్పుడూ రెయిజ్ చేసేదే.

అద్దె 10,000 నుంచి 12,000 అయిందనుకోండి: ‘రోజ్ బై 2,000’, లేదా ‘రోజ్ టు 12,000’. బై తేడాని, టు చివరి అంకెని చెప్తుంది. ఇక్కడ తడబడితే అర్థమే మారిపోతుంది.

నామవాచకంగా ధరలకి ‘రైజ్ ఇన్ ప్రైసెస్’. జీతానికి బ్రిటన్‌లో ‘పే రైజ్’, అమెరికాలో ‘రెయిజ్’. మన ఆఫీసుల్లో ‘హైక్’ అనేస్తారు కాబట్టి ఆ గొడవ లేదు.