కరెంటు ఆదా ఇంటికి పర్సనల్ లోనా?

ప్రశ్న: మాది బరంపురం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 78 వేలు వస్తుంది. ఇద్దరు పిల్లలు. అద్దె 11 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు, అందులో కరెంటు బిల్లు సగటున 2,500. ఎఫ్‌డీలో 9 లక్షలున్నాయి. గ్రీన్ సర్టిఫికెట్ ఉన్న ఫ్లాటు 52 లక్షలు, అదే సైజులో మామూలుది 46. కరెంటు బిల్లులో 40 శాతం మిగులుతుంది, ధరలో తేడా దానితోనే తీరిపోతుందని బిల్డర్ అంటున్నాడు. 80 శాతం హోమ్ లోన్ వస్తుంది. డౌన్ పేమెంట్, రిజిస్ట్రేషన్ కలిపి 14 లక్షలు కావాలి. తక్కువపడే 5 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఫ్లాటు మంచిది కాదని కాదు, మీ లెక్కలో అత్యవసర నిధి అన్న పద్దే లేదు. ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంట్‌కు పెట్టి, చాలనిదానికి పర్సనల్ లోన్ తీసుకోవడం ఈమధ్య మామూలైపోయింది.

41.6 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 36 వేలు. పర్సనల్ లోన్ 13.5 శాతానికి ఐదేళ్లకైతే ఇంకో 11,500. మిగిలేది 30 వేలు, మీ ఇంటి ఖర్చూ అంతే. పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే? జీతం ఒక్క నెల ఆగితే? క్రెడిట్ కార్డు గీకుతారు, అంతేగా.

40 శాతం మాట నిజమే అనుకుందాం, మిగిలేది నెలకు వెయ్యి. ధరలో తేడా 6 లక్షలు, అందులో లోనుగా వచ్చే 4.8 లక్షలకే ఈఎంఐ 4,100 పైన. ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ వేయకుండా ఇంట్లో కూర్చోగలగడం సుఖమే, దానికి డబ్బు పెట్టడం తప్పు కాదు. లాభం కింద మాత్రం రాసుకోకండి. బిల్డర్ చూపేది ఐజీబీసీ (గ్రీన్ సర్టిఫికెట్లు ఇచ్చే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ప్రీ-సర్టిఫికేషన్ అయితే అది ప్లాన్లు చూసి ఇచ్చేది, కట్టాక వచ్చే తుది సర్టిఫికెట్ వేరు. మేడ మీది సోలార్‌కు బ్యాటరీ లేకపోతే లైన్ పోగానే అదీ ఆగుతుంది. 2013 అక్టోబరులో పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక మీ ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు ఇల్లు నడిపేది చేతిలో ఉన్న డబ్బే.

కాబట్టి ఎఫ్‌డీలోంచి 4 లక్షలు వేరే ఖాతాలోకి మార్చేయండి. కాబోయే ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి ఆరు నెలలకు సరిపోతుంది. పండక్కీ, పెళ్లికీ, బావమరిది అడిగినా సరే, దాన్ని ముట్టుకోవద్దు. అద్దె, ఖర్చులు పోను మీకిప్పుడు నెలకు 37 వేలు మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు. ఈఎంఐ కడుతున్నట్టే అందులో 35 వేలు ఆర్‌డీలో వేయండి. మిగతా 5 లక్షలతో కలిపితే రెండేళ్లలో వడ్డీతో 14 లక్షలకు దగ్గరపడతారు. అప్పటికి ధర పెరిగితే చిన్న ఫ్లాటు చూసుకోండి.

కొన్న రోజునే లోన్ మొత్తానికి టర్మ్ పాలసీ, తుపాను నష్టం వర్తించే గృహ బీమా తీసుకోండి. ఆఫీసు ఇచ్చే హెల్త్ పాలసీ ఒక్కటే ఉంటే, సొంతది ఈ నెలలోనే తీసుకోండి. ఉద్యోగం పోయిన రోజున ఆఫీసు పాలసీ కూడా పోతుంది.